లూపస్‌లో మూత్రపిండాల దెబ్బ: మూత్ర పరీక్షలు చేయించుకోవడం, బయాప్సీ నివేదిక చదవడం ఎలా?

రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు లూపస్. అది ఉన్నవారిలో సుమారు సగం మందికి ఏదో ఒక దశలో ఆ జబ్బు మూత్రపిండాలకు పాకుతుంది. చాలామందిలో జబ్బు బయటపడిన తొలి 5 ఏళ్లలోపే ఇది జరుగుతుంది. అప్పుడు నొప్పి ఉండదు, మూత్రంలో మంట ఉండదు. కాళ్లకు నీరు పట్టి, పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు కనిపించే నాటికి మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలై చాలా రోజులై ఉంటుంది. కాబట్టి కీళ్ల నొప్పులు తగ్గాయా, ముఖం మీది మచ్చలు మానాయా అని అడిగినట్టే మూత్రం ఎలా ఉందని కూడా డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి. ఆ పరీక్షలు సరిగ్గా ఎలా చేయించుకోవాలో, చేతికి వచ్చిన కాగితాన్ని ఎలా చదవాలో, కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ ఎప్పుడు అవసరమవుతుందో, దాని నివేదికలో ముందుగా దేనిని చూడాలో విజయవాడ, గుంటూరు ప్రాంతాల రోగులకూ వారి ఇంటివారికీ తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. మందు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మాత్రం డాక్టరు నిర్ణయించాల్సినవే.

మన రాష్ట్రంలో కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం గుర్తుకు వస్తుంది. అది వేరు. అక్కడ ప్రధానంగా దెబ్బతినేవి కిడ్నీలోని సూక్ష్మనాళికలు, వాటి మధ్యనున్న కణజాలం. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. లూపస్‌లో మొదటి దెబ్బ గ్లోమెరులస్ అనే కేశనాళికల చుట్టకు తగులుతుంది. ఒక్కో కిడ్నీలో ఇలాంటి చుట్టలు సుమారు 10 లక్షలు ఉంటాయి. సొంత కణాల కేంద్రక పదార్థానికి వ్యతిరేకంగా శరీరమే తయారు చేసుకున్న యాంటీబాడీలు ఈ చుట్టల గోడల్లో పేరుకుని, కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రొటీన్లను రెచ్చగొట్టి, వాపు పుట్టిస్తాయి. కన్నాలు పెద్దవైన జల్లెడలో నుంచి జారినట్టు ఆల్బుమిన్, ఎర్రరక్తకణాలు మూత్రంలోకి జారిపోతాయి. మూత్ర పరీక్ష పట్టుకునేది ఈ జారుడునే. అది వాపు వల్ల జరుగుతోందా, పాత వాపు మిగిల్చిన మచ్చ వల్ల జరుగుతోందా అన్నది మూత్రం చెప్పలేదు; దానికి కణజాలాన్నే చూడాలి. ఈ తేడా తెలిస్తే ఫైలులోని కాగితాలన్నీ చాలావరకు అర్థమవుతాయి.

క్రియాటినిన్ నార్మల్ అంటే సరిపోదు

కండరాల నుంచి వచ్చే వ్యర్థం క్రియాటినిన్; దానిని కిడ్నీలు బయటికి పంపుతాయి. రక్తంలో అది ల్యాబ్ వారు ముద్రించిన హద్దుల్లో ఉంటే కిడ్నీలు బాగున్నాయని ఊరట పడటం మనకు అలవాటు. లూపస్ ఎక్కువగా యువతులకు వచ్చే జబ్బు. వారిలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ మొదటి నుంచీ తక్కువగానే ఉంటుంది. 25 ఏళ్ల అమ్మాయికి నిరుడు 0.6 ఉండి ఈసారి 1.0 వచ్చిందనుకుందాం. రెండూ ల్యాబ్ కాగితం మీద నార్మలే. కానీ వడపోత సామర్థ్యాన్ని అంచనా వేసే 2021 నాటి సీకేడీ ఎపీ సూత్రంతో లెక్కిస్తే అది సుమారు 128 నుంచి 80కి పడిపోయినట్టు తేలుతుంది, అంటే మూడో వంతుకు పైగా పోయినట్టే. కాబట్టి ఈసారి వచ్చిన అంకెను ల్యాబ్ హద్దులతో కాకుండా రోగి సొంత పాత అంకెలతో పోల్చాలి. పాత కాగితాలను పారేయకూడదని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం మరొకటి లేదు.

మూత్రం ఇచ్చే పద్ధతి

మన ల్యాబుల్లో సీయూఈ అని రాసే కంప్లీట్ యూరిన్ ఎగ్జామినేషన్ చాలా చౌక పరీక్ష. ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. శుభ్రపరచుకుని, మొదట కొంత మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చే ధారను డబ్బాలో పట్టాలి. నెలసరి రోజుల్లో పరీక్ష ఇవ్వకూడదు. నెలసరి పూర్తిగా ఆగిన తరువాత ఒకటి రెండు రోజులు గడవనివ్వాలి. జ్వరం ఉన్నప్పుడు, బాగా ఒళ్లు అలిసే పని చేసిన మరునాడు ప్రొటీన్ తాత్కాలికంగా పెరగవచ్చు కాబట్టి ఆ ఫలితాన్ని మళ్లీ సరిచూసుకోవాలి.

ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో తెనాలి నుంచో నూజివీడు నుంచో ఇంట్లో పట్టిన మూత్రాన్ని బస్సులో విజయవాడ సూర్యారావుపేటకు తెచ్చేసరికి అందులోని కణాలు పగిలిపోతాయి, కణాలు అంటుకుని ఏర్పడిన క్యాస్ట్‌లు విడిపోతాయి, బాక్టీరియా పెరుగుతుంది. మైక్రోస్కోపు పరీక్ష కోసమైతే మూత్రాన్ని ల్యాబ్‌లోనే ఇచ్చి, గంట రెండు గంటల్లోపు చూడమని కోరడం మంచిది. ప్రొటీన్ నిష్పత్తి పరీక్షకు మాత్రం పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం మేలు; దానిని మూత గట్టిగా బిగించి చల్లగా ఉంచి తేవచ్చు. ల్యాబ్‌కు వచ్చాక మూత్రం రావడం లేదని సీసాల కొద్దీ నీళ్లు తాగేవారు ఎందరో. అలా పలచబడిన మూత్రంలో 1 ప్లస్ ప్రొటీన్ కాస్తా నిల్ అయిపోతుంది. దీనికి విరుద్ధంగా, ఎండలో తిరిగి నీళ్లు తాగని మనిషి చిక్కటి మూత్రంలో ఏ జబ్బూ లేకపోయినా ట్రేస్ కనిపించవచ్చు. అందుకే ప్రొటీన్ గడిని చదివేముందు మూత్రం చిక్కదనాన్ని చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ గడిని చూడాలి. 1.005 దగ్గర వచ్చిన 1 ప్లస్, 1.030 దగ్గర వచ్చిన 1 ప్లస్ కంటే ఎక్కువ ఆందోళన కలిగించాలి.

మైక్రోస్కోపు కింద కనిపించేవి

ఆర్‌బీసీ అంటే ఎర్రరక్తకణాలు. హై పవర్ ఫీల్డ్‌కు, అంటే మైక్రోస్కోపులో ఒకసారి కనిపించే మేరకు, 5 కంటే ఎక్కువ ఉండి, దానికి నెలసరి, రాళ్లు, ఇన్‌ఫెక్షన్ వంటి వేరే కారణం లేకపోతే లూపస్ కిడ్నీలో చురుగ్గా ఉందని అనుమానించాలి. ఆ కణాల ఆకారం మరింత సమాచారం ఇస్తుంది. గ్లోమెరులస్ గోడలోంచి నలిగి వచ్చిన కణాలు వంకరలు తిరిగి ఉంటాయి. వీటిని డిస్‌మార్ఫిక్ అంటారు. రాయి వల్లనో మూత్రాశయం నుంచో వచ్చిన కణాలు గుండ్రంగానే ఉంటాయి. ఇక ఆర్‌బీసీ క్యాస్ట్ కనిపించిందంటే రక్తం కిడ్నీ లోపలి నుంచే వస్తోందన్న విషయంలో దాదాపు సందేహం ఉండదు. నేటి ల్యాబుల్లో చాలావరకు యంత్రాలే లెక్కిస్తాయి, అవి క్యాస్ట్‌లను తరచుగా దాటేస్తాయి. లూపస్ రోగి అయితే మాన్యువల్ మైక్రోస్కోపీ చేయాలని చీటీ మీద రాయించుకోవడం మంచిది. మూత్రాన్ని తామే మైక్రోస్కోపు కింద పెట్టి చూసే నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) దొరికితే రోగి అదృష్టమనే నా అభిప్రాయం. మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ అయిన డిప్‌స్టిక్‌లో రక్తం పాజిటివ్ వచ్చి మైక్రోస్కోపులో ఒక్క కణం కూడా లేకపోతే, లూపస్‌లో రక్తకణాలు శరీరం లోపలే విరిగిపోవడం కూడా జరగవచ్చు కాబట్టి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పస్ సెల్స్ అన్న గడి మరీ ఎక్కువ గందరగోళం సృష్టిస్తుంది. 10, 15 అని కనిపించగానే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వాడేస్తారు. కిడ్నీలో లూపస్ వాపు ఉన్నప్పుడు సూక్ష్మజీవులేమీ లేకుండానే తెల్లకణాలు మూత్రంలోకి వస్తాయి. మంట, జ్వరం లేకుండా పస్ సెల్స్ ఉంటే ముందు యూరిన్ కల్చర్‌కు ఇచ్చి, ఆ తరువాతే మందు సంగతి ఆలోచించాలి. కల్చర్ ఇవ్వకముందే యాంటీబయాటిక్ మింగితే ఆ అనుమానం తీరే దారి మూసుకుపోతుంది.

ప్రొటీన్ ఎంత పోతోంది?

డిప్‌స్టిక్ ప్లస్‌లు అంచనాకే పనికివస్తాయి. జబ్బును కొలవడానికి స్పాట్ ప్రొటీన్ క్రియాటినిన్ నిష్పత్తి కావాలి; చీటీల మీద యూరిన్ పీసీఆర్ అని రాసేది ఇదే. ఒకే మూత్ర నమూనాలో ప్రొటీన్‌ను, క్రియాటినిన్‌ను కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. మూత్రం పలచనైనా చిక్కనైనా రెండూ కలిసే మారతాయి కాబట్టి నీళ్లు ఎంత తాగారన్నదాని ప్రభావం చాలావరకు పోతుంది. ఉదాహరణకు ప్రొటీన్ డెసిలీటరుకు 96 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 80 మిల్లీగ్రాములు ఉంటే నిష్పత్తి 1.2. దీన్నే కొన్ని ల్యాబులు గ్రాముకు 1200 మిల్లీగ్రాములని రాస్తాయి. 1.2 నుంచి 1200కి పెరిగిందని బెంబేలెత్తాల్సిన పని లేదు, యూనిట్ చూసుకుంటే చాలు. ఆరోగ్యవంతులలో ఇది 0.15 లోపు ఉంటుంది, లూపస్‌లో 0.5 దాటితే బయాప్సీ గురించి మాట్లాడాలి, 3.5 దాటితే అది నెఫ్రోటిక్ స్థాయి, అంటే ప్రొటీన్ మరీ ఎక్కువగా పోతున్నట్టు.

0.4 నుంచి 0.6కు, తిరిగి 0.5కు మారడం రోజువారీ ఊగిసలాట కావచ్చు. ఒకే ల్యాబ్‌లో, ఒకే వేళకు ఇచ్చిన రెండు నమూనాల్లో అంకె రెట్టింపయితే దానిని ఊగిసలాట అనుకోకూడదు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, మధుమేహం ఉన్నవారికి చేసే మైక్రోఆల్బుమిన్ లేదా ఏసీఆర్ పరీక్ష ఆల్బుమిన్‌ను మాత్రమే కొలుస్తుంది. దాని అంకెను పీసీఆర్ అంకెతో పోల్చకూడదు.

చికిత్స మొదలుపెట్టే ముందో, మార్చే ముందో డాక్టరు 24 గంటల యూరిన్ ప్రొటీన్ అడగవచ్చు. ఇందులో పొరపాటు సేకరణ దగ్గరే జరుగుతుంది. ఆదివారం ఉదయం 6 గంటలకు మూత్రానికి వెళ్లి దానిని వదిలేయాలి, ఆ సమయం రాసుకోవాలి. అక్కడి నుంచి పగలూ రాత్రీ వచ్చే ప్రతి మూత్రాన్నీ ల్యాబ్ వారిచ్చిన డబ్బాలో పోయాలి. సోమవారం ఉదయం 6 గంటలకు వచ్చే మూత్రం కూడా అందులోకే వెళ్లాలి. మలవిసర్జనకు వెళ్లేముందు మూత్రాన్ని వేరుగా పట్టుకోవాలి, లేకపోతే ఆ భాగం లెక్కలోకి రాదు. డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టడం కుదరకపోతే ఐసు వేసిన బకెట్‌లో నీడపట్టున ఉంచవచ్చు. పెళ్లికో ప్రయాణానికో వెళ్లే రోజు ఈ పని పెట్టుకోకూడదు.

సేకరణ పూర్తిగా జరిగిందో లేదో తెలుసుకునే మార్గం ఆ నివేదికలోనే ఉంటుంది. 24 గంటల్లో వచ్చే క్రియాటినిన్ స్త్రీలకు కిలో బరువుకు సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, పురుషులకు 20 నుంచి 25 ఉండాలి. 50 కిలోల యువతికి 750 నుంచి 1000 రావాల్సిన చోట 450 మాత్రమే వస్తే సగం మూత్రం డబ్బాలోకి చేరలేదన్నమాట, ప్రొటీన్ అంకె కూడా ఆ మేరకు తక్కువగా చూపిస్తుంది. అప్పుడు కూడా నమూనా వృథా కానక్కరలేదు. అదే డబ్బాలోని ప్రొటీన్‌ను అందులోని క్రియాటినిన్‌తో భాగిస్తే నమ్మదగిన నిష్పత్తి వస్తుంది. కాబట్టి ప్రొటీన్‌తోపాటు క్రియాటినిన్ కూడా కొలవమని ముందే చెప్పాలి.

మూత్రంతోపాటు రక్తంలో సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లను, యాంటీ డీఎస్ డీఎన్ఏ అనే యాంటీబాడీని చూస్తారు. కాంప్లిమెంట్ తగ్గుతూ ఆ యాంటీబాడీ పెరుగుతుంటే కిడ్నీలో జబ్బు రాజుకుంటోందని అనుమానించాలి. కొందరికి సీ4 పుట్టుకతోనే తక్కువ. వారిలో దాని కదలికకు అంత విలువ లేదు.

బయాప్సీకి ఎందుకు వెళ్లాలి?

నిష్పత్తి 0.5 దాటి అక్కడే నిలబడినప్పుడు, ముఖ్యంగా దానికి వంకర తిరిగిన ఎర్రకణాలో క్యాస్ట్‌లో తోడైనప్పుడు, లేదా వేరే కారణం కనిపించకుండా వడపోత సామర్థ్యం తగ్గుతున్నప్పుడు నెఫ్రాలజిస్టు బయాప్సీ చేయించమంటారు. సూది గుచ్చితే కిడ్నీ పాడవుతుందన్న భయం ఇళ్లలో బలంగా ఉంది. తీసేది దారప్పోగంత సన్నని, సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల పొడవున్న ముక్క; 10 లక్షల గ్లోమెరులస్‌లలో కొన్ని పదులు మాత్రమే. రక్తం ఎక్కించాల్సినంత రక్తస్రావం నూటికి ఒకరిద్దరిలో జరగవచ్చు. జబ్బు ఏ తరగతిదో తెలియకుండా నెలల తరబడి బలమైన మందులు వాడటంలో ఉన్న ప్రమాదంతో పోలిస్తే ఇది చిన్నదనే నేననుకుంటాను.

గుంటూరు జీజీహెచ్‌లో చేయించుకున్నా, మంగళగిరి ఎయిమ్స్‌లో చేయించుకున్నా, ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకున్నా ముందు అడిగేవి ఇంచుమించు ఒకటే: రక్తపోటు అదుపులో ఉండాలి, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం సరిగా ఉండాలి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండకూడదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మందులు వాడుతుంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. లూపస్‌లో రక్తం గడ్డలు కట్టే స్వభావం కూడా ఉండవచ్చు కాబట్టి వాటిని ఎప్పుడు ఆపాలో డాక్టరే తేల్చాలి, సొంతంగా ఆపకూడదు. బోర్లా పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, మత్తు సూది ఇచ్చి ముక్క తీస్తారు. ఆ తరువాత కనీసం 6 గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి; చాలాచోట్ల ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచుతారు. ఒకటి రెండు రోజులు మూత్రం లేత ఎరుపుగా రావచ్చు. గడ్డలు పడినా, మూత్రం ఆగిపోయినా, నడుము పక్కన తీవ్రమైన నొప్పి వచ్చినా వెంటనే చెప్పాలి. ఒకటి రెండు వారాలు బరువులు ఎత్తకూడదు, గతుకుల దారిలో బండి ప్రయాణం మానుకోవాలి.

ముక్క తీయకముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. కణజాలాన్ని మూడు రకాలుగా చూడాలి: మామూలు మైక్రోస్కోపు కోసం ఫార్మలిన్‌లో, యాంటీబాడీల నిల్వలను మెరిసేలా చేసి చూసే ఇమ్యూనోఫ్లోరోసెన్స్ కోసం దానికి తగిన వేరే ద్రావణంలో, వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం గ్లూటరాల్డిహైడ్‌లో. మొత్తం ముక్కను ఫార్మలిన్‌లోనే వేసేస్తే మామూలు పద్ధతిలో ఇమ్యూనోఫ్లోరోసెన్స్ చేయడం కుదరదు. నమూనాను వేరే నగరానికి పంపుతుంటే ఎక్కడికి పంపుతున్నారో, ఏయే భాగాలు పంపుతున్నారో రాసి ఇమ్మనాలి. తరువాత రెండో అభిప్రాయం కావాలంటే స్లైడ్లు, బ్లాకులు అవసరమవుతాయి.

నివేదికలో దేనిని ముందు చూడాలి?

మొదటి వాక్యంలో ఎన్ని గ్లోమెరులస్‌లు దొరికాయో ఉంటుంది. కనీసం 10 ఉంటే నమ్మకంగా మాట్లాడవచ్చు. 4, 5 మాత్రమే ఉంటే అక్కడక్కడా ఉన్న జబ్బు తప్పించుకుని ఉండవచ్చు. ఆ తరువాత తరగతి. 2003లో రూపొందించి 2018లో సవరించిన వర్గీకరణ ప్రకారం తరగతులు 6. మొదటి రెండింటిలో మార్పులు స్వల్పం. మూడులో సగం కంటే తక్కువ గ్లోమెరులస్‌లలో, నాలుగులో సగం లేదా అంతకంటే ఎక్కువ గ్లోమెరులస్‌లలో కణాలు కిక్కిరిసిన వాపు ఉంటుంది. ఐదులో యాంటీబాడీల నిల్వలు గోడ బయటి వైపు చేరతాయి. ప్రొటీన్ ధారాళంగా పోతుంది కానీ ఎర్రకణాలు అంతగా ఉండకపోవచ్చు. మూడుతోనో నాలుగుతోనో ఐదు కలిసి ఉండటం కూడా మామూలే. ఆరులో 90 శాతానికి పైగా గ్లోమెరులస్‌లు మచ్చలుగా మారిపోయి ఉంటాయి.

అందరి కళ్లూ తరగతి మీదే పడతాయి. నా దృష్టిలో దాని కింద ఉండే రెండు అంకెలకు అంతకంటే ఎక్కువ విలువ ఉంది. ఇప్పుడున్న వాపును చెప్పే యాక్టివిటీ ఇండెక్స్‌ను 24 మార్కులకు లెక్కిస్తారు. కేశనాళికల్లో కణాలు కిక్కిరియడం, న్యూట్రోఫిల్ కణాలు, నిల్వలు, కణజాలం కుళ్లడం, నెలవంక ఆకారపు క్రెసెంట్‌లు, నాళికల మధ్య వాపు ఇందులోకి వస్తాయి. క్రెసెంట్‌లకు, కుళ్లుకు రెట్టింపు మార్కులు. క్రానిసిటీ ఇండెక్స్ 12కు. ఇది మచ్చకట్టిన గ్లోమెరులస్‌లను, నారగా మారిన క్రెసెంట్‌లను, ఎండిన నాళికలను, వాటి మధ్య పేరుకున్న నారను లెక్కిస్తుంది. యాక్టివిటీ 12, క్రానిసిటీ 1 అని ఉన్న నివేదిక చూడటానికి భయంకరంగా ఉంటుంది, కానీ అందులోని నష్టం ఎక్కువ భాగం మందుకు లొంగేది. యాక్టివిటీ 2, క్రానిసిటీ 7 అని ఉన్నది పెద్ద ప్రమాదం లేనట్టు కనిపిస్తుంది. అందులో పోయినది తిరిగి రాదు, అక్కడ స్టెరాయిడ్ పెంచితే లాభం కంటే నష్టమే ఎక్కువ కావచ్చు. ఈ రెండు ఫైళ్లలోనూ మూత్రంలో ప్రొటీన్ 2 గ్రాములే ఉండి ఉండవచ్చు.

ఇమ్యూనోఫ్లోరోసెన్స్ భాగంలో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు అన్నీ పాజిటివ్ అని ఉంటే దానిని ఫుల్ హౌస్ అంటారు. లూపస్ అనడానికి అది బలమైన ఆధారం. చిన్న రక్తనాళాల్లో గడ్డలు, థ్రాంబోటిక్ మైక్రోయాంజియోపతీ అన్న మాటలు కనిపిస్తే, రక్తం గడ్డలు కట్టే స్వభావాన్ని చూసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు చేశారా అని అడగాలి. ఆ గడ్డలకు చికిత్స వేరు.

కొత్త సూచికలు

సూది లేకుండా కణజాలం లోపలి సంగతిని మూత్రంలోనే చదవగలమా అన్న ప్రయత్నం చాలాకాలంగా నడుస్తోంది. ఎంసీపీ1, ఎన్‌గాల్, కిమ్1, ట్వీక్, ఆల్‌కామ్, సీడీ163 వంటి పేర్లు అందులోవే. వీటిలో సీడీ163 వెనుక ఉన్న తర్కం ఆకర్షణీయంగా ఉంటుంది: వాపు ఉన్న గ్లోమెరులస్‌లో చేరిన మాక్రోఫేజ్ కణాల పైపొర మీది ఈ ప్రొటీన్ తెగి మూత్రంలో పడుతుంది కాబట్టి, మచ్చ వల్ల పోయే ప్రొటీన్‌ను, వాపు వల్ల పోయే ప్రొటీన్‌ను వేరు చేసి చెప్పగలదని ఆశ. ఎన్‌గాల్ పరీక్ష పెద్ద ఆసుపత్రుల్లో దొరికినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. ఇవేవీ రోజువారీ వైద్యంలో బయాప్సీ స్థానాన్ని ఇంకా తీసుకోలేదు. ప్యాకేజీ పేరుతో వీటికి వేలు ఖర్చుపెట్టే బదులు అదే డబ్బుతో ఏడాది పొడవునా పీసీఆర్ చేయించుకోవడం తెలివైన పని.

చికిత్స మొదలయ్యాక

ఒక నోటు పుస్తకంలో తేదీ, పీసీఆర్, ఆర్‌బీసీ, క్రియాటినిన్, సీ3, సీ4, రక్తపోటు, ఆ రోజు వాడుతున్న మందుల మోతాదు ఒకే వరుసలో రాయాలి. ప్రొటీన్ 3 నెలలకు కనీసం పాతిక శాతం, 6 నెలలకు సగం తగ్గి, ఏడాదికి 0.5 నుంచి 0.7 లోపుకు రావాలన్నది వైద్యులు పెట్టుకునే లక్ష్యం. 3.2తో మొదలైనవారికి 2.3, 1.4, 0.6 అని వస్తే దారి సరిగానే ఉన్నట్టు. నెఫ్రోటిక్ స్థాయితో మొదలైనవారికి మరో 6 నుంచి 12 నెలలు పట్టవచ్చు. ఎర్రకణాలు ప్రొటీన్ తగ్గాక కూడా కొన్ని నెలలు కనిపించవచ్చు. వాటిని చూసి మందు పనిచేయలేదని తేల్చేయకూడదు.

అంకె తగ్గినప్పుడు ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి రక్తపోటు మాత్రలు లూపస్ వాపును ముట్టకుండానే ప్రొటీన్‌ను తగ్గిస్తాయి. రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్ కూడా కొంతవరకు గ్లోమెరులస్ గోడ మీద నేరుగా పనిచేస్తుంది కాబట్టి లోపలి వాపు తగ్గినదానికంటే ఎక్కువ మెరుగు కనిపించవచ్చు. ఇక ఉప్పు పెరిగితే ఆ రక్తపోటు మాత్రల ప్రభావం తగ్గి ప్రొటీన్ మళ్లీ పైకి పోతుంది. కొత్తావకాయ రోజుల్లో పీసీఆర్ కాస్త పెరిగితే ముందు కంచంలోకి చూడాలి. కీళ్ల నొప్పికని చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్ క్రియాటినిన్‌ను పెంచుతుంది. ఇవన్నీ సరిచేశాక కూడా అంకె ఒకచోట ఆగిపోతే, మిగిలినది వాపా మచ్చా అని తేల్చడానికి రెండోసారి బయాప్సీ అడగవచ్చు. అన్ని అంకెలూ బాగున్నవారిలో కూడా కొందరికి కణజాలంలో వాపు మిగిలి ఉంటుంది కాబట్టి, మందులు పూర్తిగా మానేసే ముందు కూడా కొందరు వైద్యులు దీనిని కోరతారు.

లూపస్ ఉండి కిడ్నీ ఇంకా బాగున్నవారు 3 నుంచి 6 నెలలకొకసారి, జబ్బు చురుగ్గా ఉన్నవారు డాక్టరు చెప్పిన ప్రకారం నెలనెలా ఈ పరీక్షలు చేయించుకోవాలి. గర్భం కోరుకునేవారు కిడ్నీ జబ్బు కనీసం 6 నెలలు నెమ్మదించాకే ప్రయత్నించాలి. మైకోఫెనొలేట్ వంటి మందులను ముందే మార్పించుకోవాలి, గర్భానికి ముందున్న పీసీఆర్‌ను రాసి ఉంచుకోవాలి. 20 వారాల తరువాత ప్రొటీన్ పెరిగితే అది లూపసా, గర్భం వల్ల వచ్చిన రక్తపోటు జబ్బా అని తేల్చడానికి ఆ పాత అంకె, సీ3, మైక్రోస్కోపు పరీక్ష అక్కరకు వస్తాయి. మూత్రం నురగ ఎక్కువై రెండు మూడు రోజులైనా తగ్గకపోయినా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా, రక్తపోటు ఒక్కసారిగా పెరిగినా, మూత్రం పరిమాణం పడిపోయినా తరువాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా ఆ నోటు పుస్తకంతో, బయాప్సీ కాగితంతో అదే రోజు నెఫ్రాలజిస్టు దగ్గరకు వెళ్లాలి.